నల్ల ప్లాస్టిక్‌కు రంగు వేయించాలా? మేస్త్రికీ మాస్టారికీ సంవాదం

కారు బయటి భాగాలన్నీ ఒక్క తీరువి కావు. తలుపులు, బానెట్, పైకప్పు వంటి రేకు భాగాలకు కంపెనీలోనే ప్రైమరు, రంగు, క్లియర్ కోటు వరుసగా పడి, బట్టీ వేడికి గట్టిపడతాయి. చక్రాల మీది అంచులు, తలుపుల అడుగు పట్టీలు, బంపర్ల కింది సగం, ముందు అద్దం దిగువన వైపర్లు అమరే పలక మాత్రం అచ్చులోంచి ఎలా వచ్చాయో అలాగే, ఏ పైపూతా లేకుండా బండికెక్కుతాయి. వాటి నలుపు పైన పూసింది కాదు, పదార్థంలోనే కలిసింది. షోరూముల్లో క్లాడింగ్ అనీ, షెడ్లలో బీడింగ్ అనీ పిలిచే ఈ భాగాలు కొన్ని వేసవులు గడిచేసరికి నలుపు వదిలి బూడిద వర్ణానికి తిరుగుతాయి. అప్పుడు వాటికి రంగు వేయించాలా, వద్దా అన్న ప్రశ్న యజమాని ముందు నిలుస్తుంది.

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానంలో ఈ ప్రశ్న తరచుగా వినిపించడానికి అక్కడి ఎండా, నేలా రెండూ కారణమే. పల్నాటి రెంటచింతల వేసవి ఉష్ణోగ్రతల విషయంలో రాష్ట్రంలో ముందు వరుసలో ఉండే ఊరు. చిలకలూరిపేట, మార్టూరు, పర్చూరు పరిసరాల నల్లరేగడి వానకు జిగురై చక్రాలను పట్టుకుంటుంది, ఎండకు దుమ్మై లేస్తుంది. పత్తి తీతల కాలంలో జిన్నింగ్ మిల్లుల దగ్గర దూది నూగు ఎగురుతుంది. చీమకుర్తి మీదుగా పోయే ఒంగోలు–కర్నూలు రోడ్డుపై గ్రానైట్ లారీల రాకపోకలు సాగుతూనే ఉంటాయి.

ఈ సంవాదంలోని వక్తలిద్దరూ రెండు పక్షాలకు ప్రతినిధులుగా కల్పించినవారే. ఒకరు గుంటూరు ఆటోనగర్‌లో పెయింటింగ్ షెడ్డు నడిపే మేస్త్రి. రంగు వేయాలన్నది ఆయన పక్షం. రెండవవారు పాలిటెక్నిక్‌లో రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసి, పర్చూరు వైపు మిర్చి, పత్తి సాగు చూసుకొనే మాస్టారు. రంగు వద్దన్నది ఆయన పక్షం. విచారణకు పెట్టుకొన్నది పదేళ్లు తిరిగిన తెల్లని ఎస్‌యూవీ. దాని నడుము కిందంతా పూత లేని నల్ల ప్లాస్టిక్ చుట్టుకొని ఉంటుంది.

మేస్త్రి: మాస్టారూ, పై రేకు ఎంత మెరిసినా, కింది ప్లాస్టిక్ తెల్లబారితే బండి వయసు రెట్టింపుగా కనిపిస్తుంది. పైగా నల్ల బంపరుకు జనంలో ఒక అర్థం స్థిరపడింది. ఒకే కారును బేస్ మోడల్‌గానూ, టాప్ మోడల్‌గానూ అమ్మినప్పుడు, బంపర్లు, సైడు అద్దాల తొడుగులు, తలుపు పిడులు నల్లగా ఉంటే అది బేస్ అనీ, బాడీ కలర్‌లో ఉంటే టాప్ అనీ దూరం నుంచే పోల్చుకొనేవారు. బండిని పెళ్లిచూపులకు తీసుకువెళ్లినా, అమ్మకానికి పెట్టినా ఆ తేడా ఎదుటివారి కంటపడక మానదు. నాలుగు రోజుల పనితో తొలగిపోయే లోపాన్ని బండి ఉన్నంతకాలం మోయడంలో అర్థం లేదు.

మాస్టారు: మేస్త్రి గారూ, బేస్ మోడల్ టాప్ మోడల్‌గా కనిపించాలన్నది యజమాని ముచ్చట; దానిని శాస్త్రం ఖండించలేదు, సమర్థించలేదు. శాస్త్రం చెప్పగలిగింది పూత నిలుస్తుందా, నిలవదా అన్నంతవరకే. అది తేలాలంటే కంపెనీ ఆ భాగాన్ని పూత లేకుండా ఎందుకు వదిలిందో ముందు చూడాలి. అంబాసిడర్ కాలంలో బంపరంటే క్రోమ్ పూసిన ఇనుము. దెబ్బ తగిలితే అది వంగేది, పూత లేస్తే తుప్పు పట్టేది. 1972లో ఫ్రాన్సులో రెనో 5 కారు ప్లాస్టిక్ బంపర్లతో వచ్చింది. చిన్న తాకిడులను అవి తట్టుకొనేవి. నేటి నల్ల భాగాలకు ఎక్కువగా వాడే పాలీప్రొపిలీన్‌ను ఇటలీ శాస్త్రవేత్త జూలియో నట్టా 1954లో క్రమబద్ధమైన గొలుసు నిర్మాణంతో రూపొందించాడు. ఈ రంగంలోని కృషికి ఆయనకూ, జర్మనీకి చెందిన కార్ల్ జీగ్లర్‌కూ 1963లో నోబెల్ బహుమతి దక్కింది. ముడిచమురు శుద్ధిలో వెలువడే ప్రొపిలీన్ వాయువు అణువులను గొలుసుగా కలిపితే ఈ ప్లాస్టిక్ వస్తుంది. దెబ్బకు పగలకుండా అందులో ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరునూ, బిగువు కోసం టాల్క్ అనే మెత్తని రాతి పొడినీ, నలుపు కోసమూ ఎండ రక్షణ కోసమూ కార్బన్ బ్లాక్ అనే శుద్ధమైన మసినీ కలుపుతారు. గులకరాయి తగిలి గీత పడితే అడుగున బయటపడేదీ ఆ నలుపే. రోడ్డు దెబ్బలు తినే చోట దానిని బిగించింది ఈ గుణం కోసమే.

మేస్త్రి: గుణం సంగతి నిజమే కావచ్చు, కాని ఖర్చు సంగతి దాని వెనుక ఉంది. ముక్కకు రంగు వేయాలంటే మనుషులు, బట్టీ, సమయం అన్నీ కావాలి. వేయకపోతే అంతా మిగులే. బండి కొత్తలో కొనుగోలుదారుడు ఆ నలుపును ముచ్చటగా చూస్తాడు, ఆ ముచ్చట తీరేసరికి వారంటీ కూడా తీరిపోతుంది. తర్వాత డ్రైవర్లు వేరుసెనగ నూనె, డీజిల్, టైరు పాలిష్ ఏది చేతికందితే అది రాస్తారు. రాసిన పూట నిగనిగలాడుతుంది. సాయంత్రానికి రేగడి దుమ్మంతా ఆ జిడ్డుకే పడుతుంది. వారం వారం రాసే జిడ్డు కన్నా ఒక్కసారి వేసే రంగే మేలని షెడ్డుకు వచ్చినవారు అడిగితే కాదనడానికి కారణం కనిపించదు.

మాస్టారు: నూనె విషయంలో వాదమే లేదు. డీజిల్ వంటివి ప్లాస్టిక్‌లో కలిసిన రబ్బరును ఉబ్బించి మొదటికే మోసం తెస్తాయి. అయితే తెల్లబారినదంతా ఒకే జబ్బు అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. ఈ మైదానంలో నల్ల ప్లాస్టిక్ తెల్లబారడానికి మూడు కారణాలు ఉంటాయి. మొదటిది గరుకు గుంటల్లో ఇరుక్కొన్న దుమ్ము. మెత్తని బ్రష్షు, సబ్బునీరు పట్టిస్తే అది పోతుంది. రెండవది ఉప్పునీటి మరక. దర్శి, పొదిలి, కనిగిరి వైపు బోరు నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువగా ఉండే చోట్లు చాలా ఉన్నాయి. ఆ నీటితో కడిగి ఎండలో ఆరబెడితే చుక్క చుక్కకూ తెల్లని వలయం మిగులుతుంది. సగం నిమ్మచెక్కను ఆ చోట నిమిషంపాటు రుద్ది మంచి నీళ్లతో కడిగితే, రుద్దినంత మేర నల్లగా తేలి, చుట్టూ తెల్లగానే ఉంటే అది సున్నమని అర్థం. దానికి రంగు అవసరం లేదు, నీళ్లు మార్చి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. రుద్దినా రంగు మారకుండా, వేలితో రాస్తే సన్నని పొడి అంటితే అది మూడవది, అసలైన జబ్బు.

మేస్త్రి: షెడ్డుకు వచ్చే బండ్లలో ఎక్కువ వాటికి ఆ మూడవదే ఉంటుంది. ఆ పొడి ఏమిటి?

మాస్టారు: అది ఎండ కోసిన ప్లాస్టిక్. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు పాలీప్రొపిలీన్ గొలుసు మీద పడినప్పుడు, కొమ్మలు చీలే చోట వదులుగా ఉన్న హైడ్రోజన్ ఊడిపోయి, ఆ ఖాళీలోకి గాలిలోని ఆక్సిజన్ చేరుతుంది; అలా ఏర్పడిన పెరాక్సైడ్లు విడిపోతూ గొలుసును ముక్కలు చేస్తాయి. దీనిని కాంతి ఆక్సీకరణం అంటారు. ముక్కలైన గొలుసులు ఒకదానినొకటి పట్టుకోలేక ఉపరితలం మీద కంటికి కనిపించని పగుళ్లు పుడతాయి. లోపలి టాల్క్ పొడి బయటపడుతుంది. పడిన వెలుతురు ఆ పగుళ్లలో చెదిరి తెల్లగా తోస్తుంది. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత పుట్టిన నేల మీద ఇది వేగంగా జరగడంలో వింత లేదు. దీనిని నెమ్మదింపజేయడానికి కార్బన్ బ్లాక్‌తోపాటు కాంతి స్థిరీకారులు అనే రసాయనాలు కూడా కలుపుతారు కాని, అవి కాలక్రమంలో ఖర్చయిపోతాయి. అయితే ఈ చెడుగు పైపొరలోనే ఉంటుంది. మందమైన ముక్క లోపలి భాగం చాలాకాలం గట్టిగానే ఉంటుంది.

మేస్త్రి: అలాగైతే మీ వాదమే రంగు పక్షానికి బలమిస్తోంది, మాస్టారూ. కీడు చేసేది ఎండ అయినప్పుడు, ఎండకూ ప్లాస్టిక్‌కూ మధ్య ఒక తెర అడ్డం పెట్టడమే మందు. రంగు, దాని మీద క్లియర్ కోటు పడితే ఆ కిరణాలు ప్లాస్టిక్ దాకా చేరవు. మీరు చెప్పిన పాలీప్రొపిలీన్‌తోనే చేసిన బంపర్లకు ప్రతి కంపెనీ బాడీ కలర్ వేసి అమ్ముతోంది. అవి ఏళ్ల తరబడి నిలుస్తున్నాయి. కంపెనీ చేతిలో నిలిచిన రంగు ఆటోనగర్‌లో నిలవదని ఎలా అనగలరు?

మాస్టారు: ఎండకు అడ్డుతెర అన్న మాట ఒప్పుకోవలసిందే, ఈ వాదంలో మీకున్న బలమంతా అదే. ఇక నిలవడం అన్నది ఉపరితల శక్తి మీద ఆధారపడుతుంది. ఒక ద్రవం ఒక తలం మీద పరచుకొంటుందా, ముత్యాలుగా ముడుచుకొంటుందా అన్నది నిర్ణయించే గుణం అది. పాలీప్రొపిలీన్‌కు అది మీటరుకు దాదాపు 30 మిల్లీన్యూటన్లు, నీటికి 72, మామూలు రంగులు బాగా పరచుకొని పట్టాలంటే తలానికి 40 దాకా ఉండాలి. అందుకే కంపెనీలో ముక్కను మంటతోనో ప్లాస్మాతోనో తాకించి ఆ శక్తిని పెంచి, క్లోరిన్ కలిపిన పాలీఓలెఫిన్ అనే బంధకపు పూతను మొదట వేసి, ఆపైన వంగే గుణమున్న రంగు వేస్తారు. అక్కడి ముక్క కొత్తది, నునుపుగా పోసినది, జిడ్డెరుగనిది. మీ ముందుకు వచ్చేది పదేళ్లు ఎండి, సిలికాన్ పాలిష్ తాగి, గరుకు గుంటల నిండా ధూళి ఉన్న ముక్క. పొడి రాలే గోడకు సున్నం వేస్తే సున్నం పొడికే అంటుకొని, పొడితోపాటే ఊడి వస్తుంది; ఎండిన ప్లాస్టిక్ మీది రంగుదీ అదే గతి. బలహీనమైన పొరను తొలగించకుండా వేసిన రంగు ఎంత ఖరీదైనదైనా, ఆ పొర పట్టు ఎంతో దాని పట్టూ అంతే.

మేస్త్రి: తొలగించకుండా వేసేవాడు మేస్త్రి అనిపించుకోడు. ముందు ముక్కను విప్పాలి. బండి మీదే కాగితాలు అతికించి కొట్టే రంగు అంచుల దగ్గర మొదట లేస్తుంది. వేడి నీళ్లు, సబ్బుతో రెండుసార్లు కడగాలి. సిలికాన్ తీసే ద్రావకాన్ని ఒక గుడ్డతో పట్టించి, అది ఆరకముందే రెండవ గుడ్డతో తుడవాలి. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డు చోటు మారుతుందే కాని పోదు. సిలికాన్ మిగిలితే రంగు గుండ్రని గుంటలుగా విడిపోతుంది. పనివాళ్లు దానినే ఫిష్ ఐ అంటారు. తర్వాత గరుకు ప్యాడ్‌తో పొడి పొర పోయేదాకా రుద్ది, మళ్లీ కడిగి, నీళ్లు చల్లి చూడాలి. నీరు ముత్యాలు కట్టకుండా పల్చని తెరగా నిలిస్తే తలం సిద్ధమైనట్లు. ఆపైన ప్లాస్టిక్ ప్రైమరు ఒక్క పల్చని కోటు, డబ్బా మీద రాసిన వ్యవధిలోనే రంగు, చివర వంగే మందు కలిపిన క్లియరు వేస్తే పని పూర్తవుతుంది. లప్పం మాత్రం ప్లాస్టిక్ మీద రేకుకు పెట్టే రకం పెట్టకూడదు. ముక్క వంగినప్పుడు అది పెచ్చులూడుతుంది.

మాస్టారు: ఇంత శ్రద్ధగా చేసిన పని పట్టిందో లేదో యజమానికి తెలిసేదెలా?

మేస్త్రి: దానికి బ్లేడు పరీక్ష ఉంది. చక్రపు అంచు లోపలి వైపు, బయటికి కనిపించని మడతలో అరచేయంత చోట ఇదే వరుసలో ముందుగా రంగు వేసి వారం ఆగాలి. తర్వాత కొత్త బ్లేడుతో 2 మిల్లీమీటర్ల ఎడంగా ఆరు నిలువు గీతలు, వాటి మీదుగా ఆరు అడ్డగీతలు ప్లాస్టిక్ తగిలేదాకా కోస్తే ఇరవై అయిదు గడులు ఏర్పడతాయి. వాటి మీద టేపును గోటితో బాగా నొక్కి ఒక్క ఊపున లాగాలి. గడులన్నీ నిలిచి, గీతల కూడలిలో చిన్న తునక మాత్రమే లేస్తే పనికి దిగవచ్చు. గడులకు గడులే టేపుతో వస్తే ఆ ముక్క రంగుకు పనికిరాదు. అప్పటికి పోయింది అరచేయంత రంగే.

మాస్టారు: ఈ పరీక్ష ప్రయోగశాలల్లో కూడా వాడుకలో ఉన్నదే, ఐఎస్‌ఓ 2409 అనే అంతర్జాతీయ ప్రమాణం దానిని క్రమబద్ధం చేసింది. దానిని షెడ్డులో పాటించేవారికి సగం వాదం విడిచిపెట్టవలసిందే. మిగిలిన సగం రోడ్డు మీద ఉంది. పాలీప్రొపిలీన్ వేడికి ఉక్కు కన్నా చాలా రెట్లు ఎక్కువ సాగుతుంది. టాల్క్ కలపని మీటరు పొడవు పట్టీ 40 డిగ్రీల వేడి తేడాకు దాదాపు 4 మిల్లీమీటర్లు పెరిగితే, ఉక్కు అర మిల్లీమీటరే పెరుగుతుంది. టాల్క్ కలిపినది ఆ రెండింటికీ మధ్య ఉంటుంది. పల్నాటి వేసవిలో నల్లని పట్టీ పగలంతా చేయి పెట్టలేనంత కాగి, రాత్రికి చల్లబడుతూ, ఆ సాగుడూ కుదింపూ రోజూ అనుభవిస్తుంది. పై రంగు కూడా దానితోపాటు సాగాలి, కుంచించుకోవాలి. చీమకుర్తి రోడ్డులో ముందు పోయే లారీ చక్రం విసిరిన గ్రానైట్ ముక్క చక్రపు అంచుకు తగిలితే, పూత లేని చోట చిన్న గీత పడుతుంది. పూత ఉన్న చోట చిప్ప లేచి, తెల్లని రంగు మధ్య నల్లని మచ్చ బయటపడి, ఆ మచ్చ అంచు కిందికి నీరు చేరుతుంది. ఆపైన సర్వీసింగు చోట అధిక పీడనంతో కొట్టే నీటి ధార ఆ అంచునే పట్టుకొని లేపుతుంది. ఎండు రేగడిని పొడి గుడ్డతో తుడిచే అలవాటు ఉన్న ఇంట్లో ఆ మట్టే గరుకు కాగితం పని చేస్తుంది. డిక్కీ అంచు సంగతి మరీ చెప్పనక్కరలేదు. మిర్చి మచ్చు సంచులు, పురుగుమందు డబ్బాలు అక్కడి నుంచే ఎక్కుతాయి, దిగుతాయి. నీటిలో కలిపితే పాలలా విరిసే మందుల్లో చాలావాటికి జైలీన్ వంటి ద్రావకాలే ఆధారం కనుక, డబ్బా కారితే అవి రంగు పొరను మెత్తబరుస్తాయి.

మేస్త్రి: రాళ్ల దెబ్బ తినే చోటు గురించి చెప్పింది కాదనలేనిది. కాని బండిలోని నల్ల భాగాలన్నీ రాళ్ల దెబ్బ తినే చోట లేవు, అన్నీ ఒకే ప్లాస్టిక్ కూడా కావు. సైడు అద్దాల తొడుగులు, గ్రిల్ ముక్కలు చాలా బండ్లలో ఏబీఎస్ అనే మరో రకంతో చేసినవి; దానికి రంగు పట్టడం చాలా సులువు. తలుపు పిడులు కూడా ఎక్కువగా రంగు పట్టే రకాలే. వీటికి బాడీ కలర్ వేస్తే బేస్ మోడల్ ముద్ర చాలా మటుకు పోతుంది. కింది అంచుల జోలికి పోనక్కరే లేదు.

మాస్టారు: ఇక్కడ రెండు పక్షాలూ దగ్గరకు వస్తున్నాయి. ఏది ఏ రకమో ఊహించనక్కరలేదు; ముక్క విప్పి వెనుక చూస్తే, రెండు కోణపు గుర్తుల మధ్య ఏబీఎస్ అనో, పీపీ అనో, పీపీ+ఈపీడీఎం-టీ20 అనో పొడి అక్షరాలు అచ్చుపోసి ఉంటాయి. చివరి గుర్తులోని టీ టాల్క్‌ను, 20 దాని శాతాన్ని సూచిస్తాయి. ముక్కను నీటిలో వేసి తేలితే పీపీ అనీ, మునిగితే ఏబీఎస్ అనీ చెప్పే చిట్కాను మాత్రం నమ్మరాదు. టాల్క్ కలిసిన పీపీ బరువెక్కి మునిగిపోగలదు. ఇంకొక సంగతి ఉంది. రంగు వేయాలన్న మీ పక్షానికి అమెరికాలో ఒక సాక్ష్యం దొరుకుతుంది: 2001 మోడల్‌గా వచ్చిన పాంటియాక్ అజ్‌టెక్ అనే బండి చుట్టూ ఉన్న బూడిద రంగు ప్లాస్టిక్‌ను జనం ఎగతాళి చేయగా, తయారీదారు మరుసటి ఏడాదికే దానిని బాడీ కలర్‌కు మార్చాడు. అయినా ఆ బండి 2005లో ఆగిపోయింది. ఆకారం నచ్చనివారిని రంగుతో ఒప్పించలేమన్నది అందులోని పాఠం. అమ్మకానికి ముందు రంగు వేయించేవారు ఇది గుర్తుంచుకోవాలి. పైగా ఇక్కడి సెకండ్ హ్యాండ్ బేరగాళ్లు బంపరు మీద వేలు పెట్టి చూసి, బండికి పెయింట్ పడిందా అని అడుగుతారు. ముచ్చట కోసం వేసిన రంగు యాక్సిడెంట్‌ను దాచడానికి వేసినదన్న అనుమానానికి తావిస్తుంది.

మేస్త్రి: ఆ అనుమానం నిజమే, అందుకే పనికి ముందూ, తర్వాతా ఫోటోలు తీసి పెట్టుకొమ్మని యజమానికి చెప్పవలసి ఉంటుంది. మరి కింది అంచులకు రంగు వద్దంటే, వాటిని తెల్లగానే వదిలేయమంటారా?

మాస్టారు: వదిలేయడానికీ రంగు వేయడానికీ మధ్య మెట్లు ఉన్నాయి. పొడి పొరను శుభ్రంగా తీసిన తర్వాత, గుంటల్లోకి ఇంకి గట్టిపడే ట్రిమ్ పూతలు బజారులో దొరుకుతాయి. ఇవి నూనెలా జిడ్డుగా ఉండవు, రంగులా దళసరి పొర కట్టవు, అరిగితే మళ్లీ రాసుకోవచ్చు. అవి కొన్ని నెలల నుంచి ఏడాదికి పైగా పనిచేస్తాయి. హీట్ గన్‌తో కాస్తే తెలుపు మాయమై నలుపు తేలడం కూడా నిజమే. ఉపరితలం కాస్త కరిగి పగుళ్లు పూడుకొనడం వల్ల అలా జరుగుతుంది. కాని దెబ్బతిన్న గొలుసులు అతుక్కోవు కనుక తెలుపు మళ్లీ వస్తుంది, వేడి ఎక్కువైతే ముక్క వంకర పోతుంది. ఇవేవీ నచ్చకపోతే కొత్త ముక్క కొనవచ్చు. వైపర్ల పలక వంటివి విప్పి బిగించుకొనేవే. రంగుకూ వీటికీ ఉన్న పెద్ద తేడా ఏమిటంటే, ట్రిమ్ పూత తుడుచుకుపోతుంది, రంగు ఉండిపోతుంది. గరుకు ప్లాస్టిక్ మీద రంగు పెచ్చులూడడం మొదలైతే గుంటల్లోని రంగు పూర్తిగా రాదు. రుద్ది తీస్తే గరుకే పోతుంది. అచ్చులో పుట్టిన గరుకును తిరిగి తెచ్చే పని ఏ షెడ్డులోనూ లేదు. బండి తుక్కుకు పోయే రోజున కూడా రంగు అంటిన పీపీని కరిగించి మళ్లీ వాడడం కష్టం. ఆ తునకలు కొత్త ముక్కలో బలహీన స్థానాలుగా మిగులుతాయి.

మేస్త్రి: ఒక్క విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. తలుపుల మధ్యన అడ్డంగా పోయే పట్టీకి రాళ్లు తగలవు, సంచులు తగలవు. ఎండ ఒక్కటే తగులుతుంది. అలాంటి చోట బ్లేడు పరీక్షలో నిలిచిన రంగు, ముఖ్యంగా మెరుపు లేని నలుపు, ఏ పూత కన్నా ఎక్కువ కాలం ఉంటుంది. నలుపు మీద నలుపు వేస్తే, ఒకవేళ చిప్ప లేచినా అడుగున కనిపించేది నలుపే.

మాస్టారు: నలుపు మీద నలుపు అన్నది మీ పక్షంలో అన్నిటికన్నా తెలివైన మాట, దానికి ఎదురు చెప్పడం కష్టం. ఒక్క షరతు మాత్రం ఉంది, అది బండికి సంబంధించింది కాదు, మీకు సంబంధించింది. రెండు డబ్బాల క్లియర్‌లో కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. స్ప్రే చేసేటప్పుడు వాటి తుంపరలు ఊపిరితిత్తులకు చేరితే ఉబ్బసం వంటి జబ్బు రాగలదు, ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే ఆ తర్వాత కొద్దిపాటి మోతాదు కూడా చాలు. ముక్కుకు కట్టుకొనే చేతిరుమాలు దానిని ఆపదు. బయటి నుంచి మంచి గాలి అందే ముసుగు కావాలి. పట్టీ నల్లబడాలన్న ముచ్చటకు పనివాడి ఊపిరిని పణంగా పెట్టే షెడ్డులో ఆ పని చేయించకపోవడమే న్యాయం.

మేస్త్రి: అది ఒప్పుకోదగిన షరతే, గాలి ముసుగు ఖర్చు కూలిలో కలిపి చెప్పడమే మర్యాద, అది దాచి తక్కువ రేటు చెప్పడం మర్యాద కాదు. కాలం సంగతి కూడా చూడాలి. ఎండాకాలం మధ్యాహ్నం కొడితే థిన్నర్ గాలిలోనే ఆవిరై రంగు పొడిపొడిగా పడుతుంది. వానాకాలం తేమకు మెరుపు తగ్గుతుంది. దూది నూగు ఎగిరే రోజుల్లో జిన్నింగ్ మిల్లు పక్క షెడ్డులో తడి క్లియర్ మీద నూగు వాలితే పని మళ్లీ మొదటికి వస్తుంది. చలికాలం దాటి ఎండలు ముదరకముందు, ఉదయం పూట, తలుపులు మూసిన షెడ్డులో చేయించుకోవాలి.

ఈ వాదప్రతివాదాల్లో ఏ పక్షమూ పూర్తిగా ఓడలేదు, ఎందుకంటే ప్రశ్నను బండి మొత్తానికి ఒకటిగా వేసినంతవరకే ఆ రెండూ విరుద్ధాలు. ముక్కకు ముక్కగా విడదీస్తే, ఆ ముక్కకు తగిలేది ఏమిటన్నదే నిర్ణయానికి ఆధారమవుతుంది. ఎండ మాత్రమే తగిలే ముక్కకు రంగు ఒక రక్షణ; రాయి, రేగడి, సంచి, నీటి ధార తగిలే ముక్కకు అదే రంగు ఒక కొత్త బలహీనత, ఎందుకంటే ఊడిపోవడానికి అక్కడ అంతకుముందు పొరే లేదు.

ఆ ప్రకారం విచారణకు పెట్టుకొన్న తెల్లని ఎస్‌యూవీ విషయంలో ఇద్దరి మాటలూ ఒక వరుసలో కుదురుతాయి. ముందు మంచి నీళ్లతో కడిగి, నిమ్మచెక్కతో చూసి, దుమ్మునూ సున్నాన్నీ జబ్బు నుంచి వేరు చేయాలి; ఈ మెట్టు దగ్గరే కొన్ని బండ్లకు ప్రశ్న ముగిసిపోతుంది. సైడు అద్దాల తొడుగులకూ, తలుపు పిడులకూ, వెనుక ఏబీఎస్ గుర్తు ఉన్న గ్రిల్ ముక్కలకూ బాడీ కలర్ వేయించవచ్చు. తలుపు మధ్య పట్టీకి బ్లేడు పరీక్షలో నిలిస్తే మెరుపు లేని నలుపు వేయించవచ్చు. వైపర్ల పలక బాగా ఎండి ఉంటే కొత్తది మార్చుకోవచ్చు. చక్రాల అంచులు, తలుపుల అడుగు పట్టీలు, బంపర్ల దిగువ భాగం, డిక్కీ అంచు రంగు లేకుండానే ఉండాలి. వాటికి ట్రిమ్ పూత చాలు. ఇవన్నీ అంచుల మార్పులే కనుక రిజిస్ట్రేషన్ పత్రంలో రాసిన బండి రంగు మారదు. ఇదే అదనుగా బండి మొత్తం రంగు మార్చదలచినవారు మాత్రం రవాణా శాఖలో ఆ మార్పును నమోదు చేయించుకోవాలి.

ఇంకా సందేహం మిగిలిన ముక్క ఏదైనా ఉంటే, దానిని ఈ ఏడాదికి వదిలేయడమే మేలు. వేయించని రంగును వచ్చే సంక్రాంతి తర్వాతైనా వేయించవచ్చు. ఆలోగా ఆ ముక్కకు తగిలేది ఎండ ఒక్కటేనా, రాళ్లు కూడానా అన్నది ఒక వేసవీ ఒక వానాకాలమూ తిరిగేసరికి దాని మీద పడిన గీతలను బట్టే యజమానికి తెలిసిపోతుంది.